జోడిపి తాబేళ్లు

అటవీశాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశానంటే ఎవరైనా మొదట అడిగేది పులి సంగతే. ఎన్నిసార్లు చూశారు, మీద పడిందా అంటారు. నల్లమల అంచున పనిచేసినవాడికి ఒక పులి కథ లేకపోతే పింఛను కూడా ఇవ్వకూడదన్నట్టు చూస్తారు. పులిని నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అది నన్ను చూసి విసుక్కుని వెళ్లిపోయింది. నా ఉద్యోగంలో నన్ను కరిచిన జంతువు ఒక్కటే, అది తాబేలు. కుడిచేతి చూపుడు వేలి మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. సంతకం చేసేటప్పుడు కలం సరిగ్గా అక్కడే ఆనుతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కేసు ఎలా రాయాలో చెప్పమంటారు. కేసు రాయడం నాకు బాగా వచ్చునని వాళ్లకు ఎవరు చెప్పారో! నేను రాసినవాటిలో అన్నిటికన్నా చెడ్డ రిపోర్టు గురించి చెబుతాను, వినండి. నేనప్పుడు ఏ సెక్షన్‌లో ఉన్నానో, మా రేంజరు ఎవరో మాత్రం అడగకండి. ఆయన ఇప్పుడు సుఖంగా ఉన్నాడు, నేనూ సుఖంగానే ఉన్నాను.

వానలు ఇవాళో రేపో అన్నట్టున్న రోజులు. కొమరోలు దాటాక రోడ్డు పక్కన ఒక గొర్రెల దొడ్డిలో తాబేళ్లున్నాయని ఫోను వచ్చింది. పొద్దున్నే జీపు వేసుకుని నలుగురం వెళ్లాం. చుట్టూ కంప, లోపల రేకుల పాక, దాని వెనక రాతి కట్టు బావి, బావి పక్కన గొర్రెలకు నీళ్లు పోసే తొట్టి. పాకలో ఆరు తడి గోనె సంచులున్నాయి. ఒకదాని మూతి విప్పితే బూడిద, బురద కలిసిన రంగులో తాబేళ్లు, ఒకదాని మీద ఒకటి.

దొడ్డి మనిషికి అరవై దగ్గర పడి ఉంటాయి. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, నోట్లో మాట తక్కువ. ఆయన వాటా మాటలు కూడా భార్యే మాట్లాడేది.

"ఈ సంచులు ఎక్కడివి?" అని ఆయన్నే అడిగాను.

"మొన్న సాయంత్రం లారీ చెడిపోయి ఆగినాది సారూ. డ్రైవరు దించి పోయినాడు. ఇంకో బండి తెస్తా, అంతదాక నీడన పెట్టి నీళ్లు చల్లుతుండు పెద్దాయనా అన్నాడు. లారీని ఎవరో లాక్కపోయినారు. ఆయన మళ్ల రాలా."

"లోపల తాబేళ్లని తెలుసా?"

"తెలుసు."

"మరి తప్పని తెలియదా?"

"నీళ్లు చల్లడం తప్పా సారూ?" అన్నాడు.

లారీ నంబరు అడిగితే చదువు రాదన్నాడు. గుర్తేమైనా చెప్పమంటే, ముందర నిమ్మకాయలు కట్టి ఉన్నాయన్నాడు. నిమ్మకాయలు కట్టని లారీ ఈ రోడ్డు మీద నేను చూడలేదు.

సంచులు జీపులోకి ఎక్కిస్తుంటే, తొట్టి పక్కన బురదలో ఒక తాబేలు నింపాదిగా నడుస్తూ కనిపించింది. సంచిలోంచి తప్పించుకున్నదనుకుని ఎత్తి మిగతావాటితో వేశాను. ఆ ఇల్లాలు ముందుకు వచ్చి, "సారూ, అది..." అని ఏదో చెప్పబోయింది. "నువ్వు నోరు మూసుకోమ్మా" అన్నాను. ఆ మాట నేను అన్నట్టు నాకు తర్వాత చాలా రోజుల దాకా గుర్తు రాలేదు. మొత్తం లెక్కపెడితే నలభై మూడు. పంచనామాలో నలభై మూడు అని రాసి సంతకం పెట్టాను. ఆ పెద్దాయనను జీపెక్కించాం. ఆయన ఎక్కేముందు గొంగడి తీసి భార్య చేతికిచ్చి, "కుంటి గొర్రెను ఎండన పోనియ్యబాక" అన్నాడు.

మా రేంజరు లారీ కథను నమ్మలేదు. నమ్మనివాడు చెడ్డవాడేం కాదు, అలాంటి కథలు ఆయన చాలా విన్నాడు. "ఇదిగో, తేలిక సంగతి. ఇవి మన చెరువుల్లో ఉండే తాబేళ్లయితే వీడే పట్టినాడు, వేట కేసు. బయటి ప్రాంతం తాబేళ్లయితే లారీ ఉన్నట్టే, వీడు సాక్షి. నువ్వు చూసి తేల్చు. అంతదాక వాడు సబ్‌జైల్లో ఉంటాడు" అన్నాడు. వేట కేసంటే ఏళ్ల తరబడి తిరగాలి. మనిషి లేని మందను చూసేదెవరు? అంతా నా చేతికి వచ్చిందని నాకు అప్పుడే తెలియాల్సింది. నాకు మాత్రం కొంచెం గొప్పగా అనిపించింది.

తాబేళ్లను ఉంచడానికి మా దగ్గర తొట్లు లేవు. మార్కాపురంలో మూతపడిన పలకల షెడ్డు ఒకటి ఉంటే దాని షావుకారును బతిమాలాం. రాయి కోసేటప్పుడు నీళ్లు పారే పొడవాటి సిమెంటు తొట్లు ఆయనవి. వాటి అడుగున ఏళ్ల నాటి పలక పొడి మెత్తగా పేరుకుని ఉంది. నీళ్లు నింపి తాబేళ్లను వదిలితే, అవి కదిలినప్పుడల్లా అడుగు నుంచి బూడిద రంగు మబ్బు లేచేది.

నేను అక్కడ తొమ్మిది రోజులున్నాను. నా ఉద్యోగంలో అంత నెమ్మదైన రోజులు లేవు. గోడల వెంట అమ్ముడుపోని పలకలు నడుమెత్తున పేర్చి ఉండేవి. వాటి మీద దుప్పటి పరుచుకుని కూర్చునేవాణ్ణి. రేకుల సందుల్లోంచి ఎండ గీతలుగా పడేది. పడమటి నుంచి మబ్బు వచ్చినప్పుడు ఆ గీతలన్నీ ఒకేసారి ఆరిపోయేవి. తొట్లో అక్కడొకటి, ఇక్కడొకటి చిన్న ముక్కు పైకి వచ్చి, ఒక ఊపిరి పీల్చుకుని, మునిగిపోయేది. తర్వాత ఇంకొకటి. ఆ ముక్కులు లెక్కపెడుతూనే నిద్రపోయేవాణ్ణి.

మధ్యాహ్నాలు కలలు వచ్చేవి. ఒక కలలో నేను ఒకటో తరగతిలో ఉన్నాను. చేతిలో కొత్త పలక. మా పంతులు తాబేలు అని రాయమన్నాడు. రాస్తుంటే అక్షరాలు కాళ్లు బయటపెట్టి అంచుదాకా నడిచి కిందికి దిగిపోతున్నాయి. "అన్నీ ఒకటేనా రా?" అని పంతులు అడుగుతున్నాడు. మెలకువ వచ్చేసరికి ఎండ గీత నా మోకాలి మీద ఉంది, ఎక్కడో నీళ్లు కదిలిన చప్పుడు. అది కలలోదో తొట్లోదో తెలియలేదు. ఆ పెద్దాయన సబ్‌జైల్లో ఉన్నాడన్న సంగతి ఆ షెడ్డులో ఉంటే దూరంగా, ఇంకెవరికో జరిగినట్టుగా అనిపించేది. అందుకే ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మూడో రోజున రేంజరు నా ఫోనుకు ఒక ఇంగ్లీషు కాగితం పంపాడు. తాబేళ్లలో ఉపజాతులను గుర్తుపట్టడం ఎలా అని దాని పేరు. ఉపజాతి అంటే మరేం లేదు, ఒకే జాతిలో నేలను బట్టి వచ్చిన తేడా. నా ఇంగ్లీషు సైకిలు తొక్కుతూ ఏరు దాటడం లాంటిది, దిగి నడవక తప్పదు. నడుస్తూనే చదివాను. మెడ మీద బొడిపెలు చూడాలట. గుండ్రంగా ఉంటే ఒక రకం, మొనదేలి ఉంటే ఇంకో రకం. తోక మీద రంపప్పళ్లు కూడా చూడాలట. బొమ్మలో తాబేలు చాలా కోపంగా ఉంది. మన తాబేళ్లకు అంత కోపం ఎందుకు లేదా అని ఒక్క క్షణం కూడా నాకు అనుమానం రాలేదు.

రెండు రోజులు నలభై మూడు మెడలు చూశాను. భూతద్దం పట్టుకుని, తాబేలును ఒళ్లో పెట్టుకుని, తల బయటపెట్టే దాకా ఓపిక పట్టాలి. చాలావరకు లోపలే ముడుచుకుని ఉండేవి. ఒకటి మాత్రం ఎత్తిన వెంటనే మెడ బారుగా చాచి, వెనక్కి తిప్పి, నా చూపుడు వేలు పట్టుకుంది. వదలదు. నేను అరిచిన అరుపుకు షావుకారు వీధిలోంచి పరుగెత్తుకొచ్చి, "నీళ్లలో పెట్టండి సార్, దానంతటదే వదుల్తది" అన్నాడు. నిజంగానే వదిలింది. దాని మెడ కూడా నున్నగానే ఉంది.

అప్పుడు రిపోర్టు రాశాను. "మెడలపై బొడిపెలు లేవు. తోకలపై పళ్లు లేవు. అన్నియు ఒకే రకము. ఈ ప్రాంతమున ఉండునవే." మెడ నున్నగా ఉంటే ఈ ప్రాంతానిదేనని ఏ లెక్కన తేల్చానో నాకే తెలియదు. నాకు తెలిసిన తాబేలు ఒక్కటే, ఇవి దానిలాగే బూడిదగా, బోడిగా ఉన్నాయి. తాబేలు తాబేలే కదా అనుకున్నాను. రేంజరు చదివి, సంతోషించి, సంతకం పెట్టాడు. సోమవారం కోర్టుకు పంపాలి.

శనివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. కొమరోలులో బస్సెక్కి, గిద్దలూరులో మారి, భర్తను చూడటానికి రోజు విడిచి రోజు మార్కాపురం వస్తున్నదట. ఆ రోజు సబ్‌జైలు దగ్గర పని ముగించుకుని, దారి అడుగుతూ షెడ్డుకు వచ్చింది. గుమ్మంలో చెప్పులు వదిలి లోపలికి వచ్చింది. నేను నిద్రమత్తులో ఉన్నాను.

"మా ఆయన్ను యెప్పుడు వదుల్తారు అన్నా?"

ఆమె సారూ అనకుండా అన్నా అన్నది. నాకు ఇబ్బందిగా అనిపించింది. రిపోర్టు అయిపోయిందనీ, అవి ఇక్కడి తాబేళ్లేననీ చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తొట్టి దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"ఇవేంది ఇట్లున్నాయి? మా పాకలో ఉన్నప్పుడు ఇట్ల లేవే. నేను నీళ్లు చల్లుతుంటే పసుప్పచ్చని చుక్కలుండె."

"తాబేలు తాబేలే అక్కా" అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. తెలివి తక్కువ అల్లుణ్ణి చూసినట్టు చూసింది.

"అట్లయితే గొర్రె గొర్రేనా? ఒళ్లంతా తెల్లగుండేది పల్ల. కండ్ల చుట్టూ, మూతి కాడ నల్లగుండేది జోడిపి. ఎర్రగుండేది దొర. మూడూ గొర్రెలే. మూడూ ఒకటేనని మా ఆయన ముందర అను, దొడ్లోకి రానిస్తాడేమో చూద్దాం. ఇంతకూ వీటిని కడిగినారా మీరు?"

"నీళ్లలోనే ఉన్నాయి గదమ్మా, కడిగేదేంది?"

"ఇవి నీళ్లా? ఇది పలక బురద."

తొట్లో చెయ్యి పెట్టి ఒకదాన్ని ఎత్తింది. బయట చేతిపంపు దగ్గరికి తీసుకెళ్లి, నన్ను పంపు కొట్టమన్నది. గెజిటెడ్ కాకపోయినా నేనూ ఒక ఆఫీసరునే, అయినా కొట్టాను. ఆమె చీర చెంగు తడిపి, బళ్లో పిల్లలు పలక తుడిచినట్టు ఆ డిప్పను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తుడిచింది. పలక తుడిస్తే అక్షరాలు పోతాయి. దీన్ని తుడిస్తే అక్షరాలు వచ్చాయి. ముదురాకు రంగు డిప్ప నిండా పసుపు చుక్కలు, తల మీద కూడా చుక్కలు. మబ్బు పట్టిన ఆ మధ్యాహ్నం, నీళ్లు కారుతూ, ఆ చుక్కలు మెరుస్తుంటే నాకు ఇంకా కల అయిపోలేదేమోననిపించింది.

"చూసినావా? ఇవి జోడిపి తాబేళ్లన్నా" అన్నదామె.

సాయంత్రం దాకా ఇద్దరం కడిగాం. నేను పంపు కొట్టడం, ఆమె తుడవడం. నలభై రెండింటికి చుక్కలు వచ్చాయి. నలభై మూడోదాన్ని ఎన్నిసార్లు తుడిచినా ఏమీ రాలేదు. సాదా డిప్ప. దాన్ని నేను చేతిలోకి తీసుకోబోతే ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"జాగ్రత్త, అది కరుస్తది."

నేను కట్టు కట్టిన వేలు చూపించాను.

"అయితే అదే. మా బావిలోది. నీళ్లు తేటగా ఉంటాయని మా అత్త పెంచినాది. వెనక అంచున బొక్కెన తగిలిన గాటుంటది చూడు. యెండకాలం నీళ్లు తగ్గినప్పుడు పైకి తెచ్చి తొట్టి కాడ వదుల్తాం. ఆ పొద్దు నేను చెప్పబోతే నువ్వే గదా నోరు మూసుకోమంటివి."

తిప్పి చూశాను. వెనక అంచున అర్ధచంద్రంలా నొక్కుకుపోయిన గాటు ఉంది. తొట్టి పక్క బురద, నా చేతులు, నా మాట అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి.

మా పశువుల డాక్టరు ద్వారా హైదరాబాదులో తాబేళ్ల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి నంబరు సంపాదించి ఫొటోలూ, రేంజరు ఇచ్చిన ఆ ఇంగ్లీషు కాగితమూ పంపాను. ఆదివారం పొద్దున ఫోను చేసింది.

"సార్, చుక్కలున్నవి గంగ, సింధు నదుల వైపువి. మన దక్షిణాది వాటి డిప్ప సాదాగా ఉంటుంది. జాతి ఒకటే, ఉపజాతులు రెండు. మీ ఆ నలభై రెండూ కచ్చితంగా ఉత్తరాదివే. అవునూ, మీరు పంపిన ఆ మెడ కాగితం ఎక్కడిది? అది అమెరికాలో ఉండే కరిచే తాబేలుది సార్."

"ఇదీ కరిచిందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు నవ్వింది.

ఆ సాయంత్రమే రేంజరు ఇంటికి వెళ్లాను. మొదటి రిపోర్టు తప్పని చెబితే ఆయన తిట్టలేదు, ఇంకొకటి రాయమన్నాడు. నలభై మూడోదాని సంగతి చెప్పినప్పుడు మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు.

"పంచనామాలో నలభై మూడు తాబేళ్లూ సంచుల్లోనే దొరికాయని ఉంది. నీ సంతకం ఉంది. ఒకటి ఇక్కడిదని రాస్తే ప్రభుత్వ లాయరు ఏమంటాడు? ఒకటి పట్టినవాడు నలభై రెండు పట్టలేడా అంటాడు. నువ్వే బయటి నుంచి తెచ్చి వేశానని రాస్తే నీ ఉద్యోగం మీదికి వస్తది. రెండు నెలల్లో నీ ప్రమోషన్ ఉంది. ఆ ఒక్కటి చచ్చిపోయిందని రాసెయ్యి. ఆ మనిషి బయటపడతాడు, నువ్వూ బయటపడతావు."

నిజం చెప్పాలంటే నాకు ఆ మాట చాలా నచ్చింది. ఎవరికీ నష్టం లేదు. ఇంటికి వెళుతూ దారంతా ఆ వాక్యాన్ని మనసులో రాసుకున్నాను. అది కుదురుగా వచ్చింది. వచ్చాక తట్టింది, చచ్చిపోయిందని రాస్తే పోస్టుమార్టం కాగితం కావాలి. కాగితం కావాలంటే అది చావాలి. వాళ్ల అత్త పెంచిన తాబేలు, నలభై ఏళ్లో యాభై ఏళ్లో ఆ బావిలో బొక్కెన దెబ్బలు కాచుకున్నది, నా ప్రమోషన్ కోసం చావాలి. అంత భయం, నా మీద నాకే అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

తెల్లవారాక ఉన్నదున్నట్టు రాశాను. నలభై రెండు బయటివి. ఒకటి బావిది. దాన్ని తొట్టి పక్కనుంచి ఎత్తి మిగతావాటిలో కలిపింది నేను. ఇంటావిడ చెప్పబోతే విననిది నేను. సంతకం పెడుతుంటే కలం వేలి గాటు మీద ఆని సలిపింది. రేంజరు చదివి, "నీ ఇష్టం నాయనా" అని పైకి పంపాడు.

ఆ వారంలోనే పెద్దాయన బయటికి వచ్చాడు, సాక్షిగా మిగిలాడు. నలభై రెండు తాబేళ్లు తడి గోనెల మధ్య వ్యానెక్కి ఉత్తరానికి పోయాయి. నాకు మెమో వచ్చింది, విచారణ జరిగింది, ప్రమోషన్ నన్ను దాటుకుని నా తర్వాతివాడి దగ్గరికి వెళ్లింది. పెద్ద మనసుతో ఊరుకున్నానని చెప్పను. ఏడాది పాటు ఆ తర్వాతివాడితో మాట్లాడలేదు. చేరిన కొద్ది రోజుల్లోనే రిటైరయ్యే దాకా ఏం కావాలో లెక్కలు వేసుకునే మీకు ఇది చెబితే నవ్వొస్తుందేమో.

ఇక మిగిలింది ఆ ఒక్కటి. అది మాదే, ఇచ్చెయ్యండి అని ఆమె అడిగింది. చట్టం ఒప్పుకోదు. తాబేలును పెంచుకోకూడదు, దగ్గరలో ఉన్న సహజమైన నీళ్లలో వదలాలని ఆర్డరు. వాళ్ల దొడ్డికి దగ్గరలో ఉన్న సహజమైన నీళ్లంటే వెనక పారే వాగే. అప్పటికి రెండు వానలు పడ్డాయి. వాగులో మోకాలి లోతు నీళ్లు, ఒడ్డున కొత్త గడ్డి. గొర్రెల గంటలు ఎక్కడో వినపడుతున్నాయి. పెద్దాయన గొంగడి కప్పుకుని దూరంగా నిలబడ్డాడు. నేను తాబేలును నీళ్ల అంచున దింపాను. అది మెడ చాచి చుట్టూ చూసింది, నీళ్లలోకి జారింది, ఒకసారి ముక్కు పైకి పెట్టింది, తర్వాత కనపడలేదు. ఆమె చెంగుతో కళ్లు ఒత్తుకుంది. వదిలినట్టు ఫొటో తీసి, రిపోర్టు రాసి, ఫైలు మూసేశాను.

పదిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో కూర్చున్నాను. బయట చినుకులు. కునుకు పడుతున్న సమయానికి ఫోను మోగింది. కొత్త నంబరు.

"బావా, నేను" అన్నది అవతలి గొంతు. ఆ పెద్దాయనే. ఆమె నన్ను అన్నా అన్నాక ఆయనకు నేను బావనే కదా, అయినా ఆ పిలుపు వినడం అదే మొదలు. "వచ్చినాది."

"ఏంది వచ్చినాది?"

"అదే. వాగులోంచి నడుసుకుంటా వచ్చినాది. బావి గట్టు కాడ కూసోని ఉంది. మీ చెల్లెలు లోపలికి దింపుదామంటాంది. తప్పంటే దింపం. ఏం చేయమంటావు?"

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. బల్ల మీద ఆ ఫైలు ఇంకా అలాగే ఉంది. దాని మీద నా సంతకం, దాని కింద నా మెమో. చట్టం ఏమంటుందో నాకు బాగా తెలుసు.

"బావా, సిగ్నల్ సరిగా లేదు. నాకేం వినపడ్డం లేదు" అన్నాను.

అవతల ఆయన ఫోను పెట్టెయ్యలేదు. చినుకుల చప్పుడు, గొర్రెల గంటలు. ఆ తర్వాత, చాలా లోతు నుంచి, బుడుంగుమని నీళ్ల చప్పుడు వినపడింది.